గీసేముందు అడగాల్సిన ప్రశ్న

1966లో ఆస్ట్రేలియా పౌండ్లు వదిలి డాలర్లకు మారింది. కొత్త ఒక డాలరు నోటు వెనకవైపు అచ్చయిన బొమ్మలకు ముఖ్య ఆధారం డేవిడ్ మలంగి అనే ఆదివాసీ చిత్రకారుడు చెట్టు బెరడు మీద వేసిన చిత్రం. ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌లో ఆయన తన వాళ్ల పూర్వీకుడైన ఒక వేటగాడి అంత్యక్రియల కథను బొమ్మగా వేశారు. ఆ చిత్రాన్ని వాడుకుంటామని ఆయన్ని ఎవరూ అడగలేదు. వేసినవాడు ఎవరో, ఎప్పుడో పోయి ఉంటాడని అనుకున్నారు. విషయం బయటపడ్డాక రిజర్వ్ బ్యాంకు గవర్నర్ కూంబ్స్ ఆయనకు 1000 డాలర్లు, ఒక పతకం, చేపలు పట్టే సామగ్రి ఇప్పించారు.

అక్కడ ఆదివాసీ గ్రాఫిక్ డిజైనర్ పని ఎలాంటిదో ఈ ఉదంతం చెబుతుంది. రంగులు, అక్షరాలు, గడువు అందరు డిజైనర్లకూ ఉండేవే. వీళ్లకు వాటికంటే ముందు ఇంకో పని ఉంటుంది. సిడ్నీలో ఒక ఆసుపత్రి పోస్టర్ వేయించుకుంటూ ‘కాస్త చుక్కలు పెట్టండి’ అని అడిగిందనుకుందాం. చుక్కల చిత్రాలకు పేరొచ్చింది 1971 తర్వాత, మధ్య ఎడారిలోని పపున్యాలో. ఆర్నెమ్ ల్యాండ్ వాళ్లది ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే సన్నగీతల పద్ధతి. సిడ్నీ నేల ఈ ఇద్దరిదీ కాదు. అందుకే ఆ నేల ఏ తెగది, వాళ్ల తరఫున ఒప్పుకోగల పెద్దలెవరు, ఏ గుర్తు నలుగురికీ చూపించవచ్చు, ఏది చూపకూడదు అన్నవి తేలాకే డిజైనర్ గీత గీయాలి.

ఇదంతా చట్టం చూసుకోదా అంటే, సగమే చూసుకుంటుంది. కాపీరైట్ బొమ్మ వేసిన మనిషికి దక్కుతుంది, ఆయన పోయాక 70 ఏళ్లు వారసులకు ఉంటుంది. బొమ్మలోని కథ మాత్రం తెగ మొత్తానిది, దానికి గడువు లేదు. ఆదివాసీ చిత్రకారుడు జానీ బులున్ బులున్ చిత్రం అచ్చయిన బట్టను ఒక వ్యాపార సంస్థ దిగుమతి చేసి అమ్మిన కేసులో 1998లో ఫెడరల్ కోర్టు, చిత్రకారుడు తన తెగ ప్రయోజనాలకు కట్టుబడి ఉండాలని చెప్పింది. కాపీరైట్‌లో తెగకు వాటా మాత్రం ఒప్పుకోలేదు. ఆ లోటును పూడ్చేది మంచి పద్ధతే. రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, తగిన డబ్బు చెల్లించాలి, అచ్చుకు వెళ్లేముందు తుది ప్రతిని పెద్దలకు చూపించాలి.

డిజైనరే కళల గురించి రాసే మనిషి కూడా అయితే బాధ్యత రెట్టింపవుతుంది. బొమ్మ కింద ‘ప్రాచీన ఆదివాసీ కళ’ అని రాస్తే, బతికున్న చిత్రకారుణ్ని చెరిపేసినట్టే. పేరు, తెగ, భాష, ఊరు రాయాలి. కథలో పెద్దలు బయటికి చెప్పినంతే రాయాలి. చాలా తెగల్లో చనిపోయినవారి పేరు కొంతకాలం పలకరు కాబట్టి, అచ్చు వేసేముందు కుటుంబాన్ని అడగాలి.

హక్కు నిలబడితే ఏమవుతుందో హరాల్డ్ థామస్ విషయంలో చూడొచ్చు. 1971లో ఆయన రూపొందించిన నలుపు, ఎరుపు, పసుపు ఆదివాసీ జెండా ఆయన సృష్టేనని 1997లో కోర్టు తేల్చింది. 2022లో ప్రభుత్వం 2 కోట్ల డాలర్లకు పైగా చెల్లించి దాని కాపీరైట్ తీసుకుంది. ఇప్పుడు ఎవరైనా ఆ జెండాను ఉచితంగా వాడుకోవచ్చు.

పెద్దలను కలవడానికి, వాళ్లు తమవాళ్లతో మాట్లాడుకోవడానికి రోజులు పడతాయి. ఆదివాసీ డిజైన్ కావాలనుకునే సంస్థలు ఆ రోజులకు కూడా గడువులో చోటు, బడ్జెట్‌లో డబ్బు కేటాయించాలి. అది డిజైనర్ తన జేబులోంచి భరించాల్సిన ఖర్చు కాదు.