చెర్రీ చెట్టుకీ గోత్రం ఉంది

తల్లీ, సియాటిల్‌లో మీ పెరటి చెర్రీ చెట్టు విరగబూస్తోంది గానీ కాయ నిలవడం లేదన్నావు. చెట్టుకు జబ్బు చేసిందని బెంగపడకు. తోడు లేదేమో చూడు.

తియ్య చెర్రీల్లో చాలా రకాలు తమ పుప్పొడితో తాము కాయ కట్టవు. మన పెద్దలు సంబంధం చూసేటప్పుడు సగోత్రమా కాదా అని అడిగినట్టే, చెర్రీ పువ్వూ అడుగుతుంది. పుప్పొడి రేణువు పువ్వు మధ్యనున్న కీలం కొనమీద పడి మొలకెత్తుతుంది. సన్నటి గొట్టంలా అండాశయం వైపు దిగుతుంది. ఆ పుప్పొడి మోసుకొచ్చిన జన్యువు గుర్తు పువ్వుకున్న రెండు గుర్తుల్లో ఒకటైతే, కీలంలోని ఎంజైము గొట్టంలోని ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసేస్తుంది. గొట్టం సగం దారిలోనే ఆగిపోతుంది. కళ్లూ చెవులూ లేని పువ్వు తనవాళ్లను ఇంత కచ్చితంగా పోల్చుకోవడం నాకెప్పుడూ అబ్బురమే.

బింగ్, లాంబర్ట్, రాయల్ ఆన్ అనే మూడు రకాలకూ ఒకే జత గుర్తులు. వాటిని పక్కపక్కనే నాటినా ఒకదానికొకటి అక్కరకు రావు. బింగ్‌కు వ్యాన్ మంచి తోడు. రెండో చెట్టుకు పెద్దగా చోటు లేకపోతే స్టెల్లా నాటు. కెనడాలోని సమ్మర్‌లాండ్ పరిశోధనా కేంద్రం నుంచి 1968లో వచ్చిన రకం అది. తన పుప్పొడితోనే కాస్తుంది, అదే సమయంలో పూసే బింగ్‌కూ పనికొస్తుంది. చెట్టును పొట్టిగా ఉంచే గిసెలా-5 వేరుమూలం మీద అంటుకట్టిన మొక్క అడుగు. చెట్టు పొట్టిగా ఉంటే పిట్టలు తినకుండా వల కప్పడం తేలిక.

మీ ఊళ్లో వాన ఎక్కువ. చెర్రీ వేళ్లు నీరు నిలిస్తే ఓర్చుకోలేవు, మట్టిని ఎత్తుగా పోసి నాటు. అంటు కట్టు మట్టిపైనే ఉండాలి. కొమ్మలు తడి రోజుల్లో కత్తిరిస్తే ఆ గాయాల్లోంచి బ్యాక్టీరియా దూరి బెరడు కుళ్లుతుంది. కాయలు కోశాక, వేసవిలో పొడిగా ఉన్న రోజు చూసి కత్తిరించు.

మన గుంటూరులో ఎందుకు నాటకూడదని మీ అమ్మమ్మ అడుగుతోంది. చాలా రకాలకు శీతకాలంలో ఏడు డిగ్రీల లోపు చలి వందల గంటలు, కొన్నిటికి వెయ్యి గంటల దాకా కావాలి. అది తీరకపోతే మొగ్గలు సరిగా నిద్ర లేవవు. అందుకే ఆ తోటలు కాశ్మీరులో, హిమాచల్‌లో. ఇక్కడ కేకుల మీద కనిపించే ఎర్ర చెర్రీ చాలాసార్లు పాకం పట్టి రంగేసిన మన వాక్కాయే!

ముందు మీ చెట్టు ఏ రకమో కనుక్కో. తోడు సంగతి ఆ తర్వాత చూద్దాం. పూత మీదుండగా మాత్రం పురుగుమందు కొట్టనివ్వకు. పుప్పొడి మోసేది తేనెటీగలే.