అడవి పందుల కట్టడిలో కంచెల పాత్ర - పరిమితులు

అడవులను, గుట్టలను ఆనుకొని ఉన్న గ్రామాలలో మొక్కజొన్న, వేరుశనగ, వరి, చెరకు సాగు చేసే రైతులకు అడవి పందుల బెడద తీవ్ర సమస్యగా పరిణమించింది. కోతకు వచ్చిన పంట ఒక్క రాత్రిలోనే నేలపాలవుతున్నది. పంట రక్షణకు రైతాంగం మొదట ఆశ్రయించేది కంచెనే. అయితే ఏ కంచె అయినా పందుల రాకపోకలను పరిమితం చేయగలదే గాని శాశ్వతంగా నిరోధించలేదు. కంచె అడుగుభాగం ఎంత పటిష్ఠంగా ఉన్నది, దానిని ఎంత శ్రద్ధగా పర్యవేక్షిస్తున్నారు అనే అంశాలపైనే ఫలితం ఆధారపడి ఉంటుంది.

పంది స్వభావం

అడవి పందులు అధికంగా రాత్రివేళ, మందలుగా సంచరిస్తాయి. ముట్టెతో నేలను పెళ్లగించడం వాటి సహజ లక్షణం. కావున అవి కంచెను దాటడానికంటే దాని క్రింది నుండి దూరడానికే ఎక్కువగా ప్రయత్నిస్తాయి. ఒక పంది చేసిన సందు గుండా మంద మొత్తం చేనులో ప్రవేశిస్తుంది. నేలకు, తీగకు మధ్య ఖాళీ వదలిన కంచె ఎంత ఎత్తుగా ఉన్నా ప్రయోజనం స్వల్పమే.

కంచెల రకాలు

అడుగుభాగాన్ని భూమిలో పాతిన ఇనుప జాలీ కంచె ఎక్కువ కాలం నిలుస్తుంది. ఖర్చు కూడా ఎక్కువే. ముళ్లతీగ వరుసల మధ్య దూరం తక్కువగా ఉండాలి. కందకాలు వర్షాలకు పూడిపోతాయి గనుక ఏటా పూడిక తీయవలసి ఉంటుంది. వేరుశనగ చుట్టూ కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం సరిహద్దు పంటలుగా వేసుకోవాలని రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు సూచించారు.

సోలార్ కంచెలో విద్యుత్తు నిరంతరంగా కాక, సెకనులో అతి స్వల్ప భాగం పాటు విడివిడిగా ప్రసరిస్తుంది. పంది బెదరిపోతుంది గాని ప్రాణహాని ఉండదు. ముట్టెకు తగిలేలా మొదటి తీగ నేలకు సుమారు 20 నుండి 25 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. గడ్డి, తీగజాతి మొక్కలు తగిలితే విద్యుత్తు భూమిలోకి పోయి కంచె నిరుపయోగమవుతుంది.

ప్రాణాంతకమైన తీగలు

విద్యుత్ లైన్ల నుండి నేరుగా తీగలు లాగి పొలం చుట్టూ అమర్చడం దీనికి పూర్తిగా భిన్నమైనది. ఇటువంటి తీగలకు తగిలి రైతులు, కూలీలు, పశువుల కాపరులు మృత్యువాత పడుతున్నారు. పశువులు, ఇతర వన్యప్రాణులు సైతం బలవుతున్నాయి. ఇది చట్టరీత్యా నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972కు 2022లో జరిగిన సవరణ మేరకు అడవి పంది రెండవ షెడ్యూలులో ఉన్నది. అధీకృత అధికారి అనుమతి లేకుండా దానిని వధించరాదు.

విదేశాల అనుభవం

ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వ్యాధిని అడవి పందులు మోసుకురాకుండా డెన్మార్క్ 2019లో జర్మనీ సరిహద్దు వెంబడి సుమారు 70 కిలోమీటర్ల కంచె నిర్మించింది. దాని ఎత్తు ఒకటిన్నర మీటర్లు. మరో అర మీటరు భూమిలో పాతారు. అయినప్పటికీ రహదారులు దాటే చోట్ల ఖాళీలు తప్పలేదు. బెల్జియంలో 2018లో ఈ వ్యాధి బయటపడగా, కంచెలతో పాటు వాటి లోపల పందుల వేట, కళేబరాల తొలగింపు చేపట్టి, 2020 నాటికి వ్యాధిని నిర్మూలించారు. దక్షిణ కొరియాలో 2019 నుండి సుదీర్ఘమైన కంచెలు వేసినా వ్యాధి దక్షిణ దిశగా విస్తరించింది. కంచె సమయాన్ని ఇస్తుంది. ఆ సమయంలో చేపట్టే ఇతర చర్యలే ఫలితాన్నిస్తాయని ఈ అనుభవాలు తెలియజేస్తున్నాయి.

సమష్టిగానే ప్రయోజనం

ఒక రైతు మాత్రమే కంచె వేసుకుంటే పందులు ప్రక్క చేనుకు మరలుతాయి. అడవి అంచున ఉన్న రైతులందరూ కలసి ఒకే కంచె నిర్మించుకుంటే ఎకరాకు అయ్యే ఖర్చు తగ్గుతుంది, కాపలా భారం పంచుకోవచ్చు. విత్తనం వేసే నాటికే కంచె సిద్ధం కావడం, ప్రతి ఉదయం దాని అడుగుభాగాన్ని పరిశీలించి సందులను ఆ రోజే పూడ్చడం అత్యవసరం.