సర్పంచ్ ఓటు, సంఘం బాధ్యత

పంచాయతీ ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ, ఏదో ఒక ఊళ్లో సర్పంచ్ పదవిని వేలం వేశారన్న వార్త వింటాం. రచ్చబండ దగ్గర పాట పాడి, ఎక్కువ డబ్బు ఇస్తానన్న వ్యక్తిని ‘ఏకగ్రీవం’ చేస్తారు. ఆ సొమ్ము గుడికో బడికో, కొన్నిచోట్ల మన మందిరానికో ఇస్తామంటారు. ఊరికి మేలే కదా అని మన విశ్వాసులు కూడా తల ఊపుతున్నారు గనుక ఈ వారం ఈ సంగతి రాయక తప్పడం లేదు.

చట్టం ఏం చెబుతుందో ముందు చూద్దాం. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం పంచాయతీ గడువు ఐదేళ్లు, అంతకు మించి లేదు. ఆ గడువు తీరేలోగానే తర్వాతి ఎన్నిక పూర్తి కావాలి. దీన్ని నడిపేది ఢిల్లీలోని ఎన్నికల సంఘం కాదు, రాష్ట్ర ఎన్నికల సంఘం. ఓటరు చేతికి రెండు బ్యాలెట్ పత్రాలు వస్తాయి: ఒకటి సర్పంచ్‌కు, మరొకటి వార్డు సభ్యుడికి. పార్టీ గుర్తులు ఉండవు. ఉప సర్పంచ్‌ను వార్డు సభ్యులే తమలో నుంచి ఎన్నుకొంటారు. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు వేరు, వాటిలో పార్టీ గుర్తులు ఉంటాయి.

కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నది నేల మీద ఎలా నడిచిందో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఎన్నికైన పంచాయతీల గడువు 2018 ఆగస్టులో తీరింది. తర్వాతి ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో, అదీ సుప్రీంకోర్టు దాకా వెళ్లాక. తెలంగాణలో 2019 జనవరిలో ఎన్నికైనవారి గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిస్తే, మళ్లీ పోలింగ్ జరిగింది 2025 డిసెంబరులో. మధ్యకాలంలో ఊళ్లను ప్రత్యేకాధికారులు నడిపారు. వారిలో మంచివారు లేరని కాదు. కాని వీధి దీపం వెలగకపోతే వారిని ఐదేళ్లకొకసారైనా నిలదీసే హక్కు మనకు లేదు. పైగా ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీలకు కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి. 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన ఆ నిధులలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఉద్దేశించినవి. అంటే ఎన్నిక వాయిదా పడితే ముందు ఎండేది కుళాయి. ఎక్కువ ఊళ్లలో పైపులైను చివర ఉండే పేటలోని కుళాయి. అధికారంలో ఏ పార్టీ ఉన్నా ఈ ఆలస్యం జరిగింది గనుక, ఒక పార్టీని తిట్టి మరొక పార్టీని మెచ్చుకోవలసిన పని మనకు లేదు.

ఇక ఏకగ్రీవం. ఊరంతా ఒక మాట మీద ఉండడం మంచిదే. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకగ్రీవ పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల వరకు ప్రోత్సాహకం ప్రకటించింది కూడా. అయితే ఒక్క నామినేషనే మిగిలితే పోలింగ్ ఉండదు, నోటా నొక్కే అవకాశమూ ఉండదు. ఆ ‘ఒక మాట’ ఎవరి ఇంటి వరండాలో కుదిరింది? అక్కడ పేటలోని ఆడవారు ఎందరు కూర్చున్నారు? రెండు రాష్ట్రాలలోనూ సగం స్థానాలు స్త్రీలకు కేటాయించారు. అయినా నామినేషన్ మీద సంతకం ఆమెది, పెత్తనం ఆయనది అన్నట్టు నడుస్తున్న పంచాయతీలు మనకు తెలియనివి కావు. మన సంఘాలలో స్త్రీల కూడికలు నడిపించే అమ్మలు, పొదుపు సంఘాల లెక్కలు రాసే అక్కలు ఎందరో ఉన్నారు. వారిలో ఎవరైనా పోటీ చేస్తానంటే, ముందు సంఘ పెద్దలే అడ్డుపడకుండా ఉంటే చాలు.

మన సంఘాలకు మరీ దగ్గరగా తగిలే విషయం రిజర్వేషన్. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రాష్ట్రాలలో క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు. ఎస్టీలకు మతంతో ముడి లేదు. కాబట్టి ఎస్సీ స్థానంలో నామినేషన్ వేసే విశ్వాసికి, పరిశీలన రోజునే కాదు, గెలిచాక ట్రిబ్యునల్‌లో కూడా ఈ చిక్కు ఎదురు కావచ్చు. బాప్తిస్మపు రిజిస్టరులో పేరు ఒక రకంగా, కుల ధ్రువపత్రంలో మరో రకంగా ఉన్న కుటుంబాలను వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు. ఆ ఇరుకున వారిని పెట్టినది చట్టమే. మతం మారినంత మాత్రాన అంటరానితనం పోదని పల్లెలో పుట్టిన ఎవరికైనా తెలుసు. దీన్ని సవరించాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది. కేంద్రం 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. చట్టం మారేదాకా, పోటీ చేయదలచినవారు నామినేషన్‌కు ముందే వకీలును కలవడం మంచిది.

కాపరులకు ఒక మాట. 1988 నాటి మతసంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం ప్రకారం ఆరాధనా స్థలాన్ని రాజకీయ ప్రచారానికి వాడకూడదు. ఆదివారం అభ్యర్థి వచ్చి వెనుక బెంచీలో కూర్చుంటే, ఆయన కూడా ఆరాధికుడే. మైకు ఆయన చేతికిస్తే సంగతి వేరు. మందిరానికి స్లాబు వేయిస్తాననో, మైకుసెట్టు కొనిస్తాననో ఎన్నికల వేళ చెప్పే మాటను కానుకగా లెక్కించలేం. ఓటు కోసం డబ్బు ఇవ్వడమే కాదు, పుచ్చుకోవడమూ నేరమే. భారతీయ న్యాయ సంహితలో దానికి ఏడాది వరకు జైలు శిక్ష ఉంది. మోషేకు మామ యిత్రో నాయకుల ఎంపిక గురించి ఇచ్చిన సలహాలోనూ లంచాన్ని అసహ్యించుకోవడం ఒక షరతు.

ఓటు రహస్యం గురించి కూడా చెప్పాలి. వార్డు చిన్నది, కొన్నిచోట్ల వంద, నూట యాభై ఓట్లే. లెక్కింపు కూడా ఆ రోజే జరుగుతుంది గనుక ఏ వీధి ఎటు మొగ్గిందో సాయంత్రానికి ఊరికి తెలిసిపోతుంది. ఆ మర్నాటి నుంచి కూలి పని పిలుపు ఆగిందనో, పింఛను పేరు తీసేస్తామన్నారనో ఏ ఇంటివారైనా చెబితే, అది ఆ ఇంటి గొడవ అని సంఘం ఊరుకోకూడదు. పెద్దలు వెంట వెళ్లి మండల అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇప్పించాలి.

చివరగా ఒక చిన్న ఏర్పాటు. 2021 ఫిబ్రవరి 21న ఆంధ్రప్రదేశ్‌లో చివరి విడత, 2025 డిసెంబరు 14న తెలంగాణలో రెండో విడత పోలింగ్ ఆదివారాలే జరిగాయి. తెలంగాణలో ఉదయం 7 గంటల నుంచి మధ్యాహ్నం ఒంటి గంట వరకే సమయం, సరిగ్గా మన ఆరాధన వేళ. ఈసారి మీ ఊరి పోలింగ్ ఆదివారం పడితే ఆరాధనను సాయంత్రానికి మార్చి, ఆ సంగతిని ముందు ఆదివారమే ప్రకటించండి. ముసలివారిని పోలింగ్ కేంద్రానికి తీసుకెళ్లే పని యౌవనస్థులకు అప్పగించండి, ఎవరికి ఓటేయాలో మాత్రం వారికి చెప్పనివ్వకండి.