కీప్ అంటే ఉంచడమేనా?

ఇటీవల మేము అనంతగిరి మండలంలో ఒక విశ్వాసుల ఇంట బస చేశాము. కాఫీ తోటల అంచున చిన్న ఇల్లు, ఎదురుగా చోడిచేను. పదవ తరగతి చదివే కుమారుడు ఇంగ్లీషు మాటలు వల్లె వేస్తున్నాడు. "కీప్ అంటే ఉంచు" అన్నాడు. తర్వాత "కీప్ యువర్ వర్డ్" అని చదివి, "నీ మాట నీ దగ్గర ఉంచుకో" అని అర్థం చెప్పాడు. మూలన కూర్చున్న నాయనమ్మ నవ్వి, "మాట ఉంచుకోడం కాదురా, నిలబెట్టుకోవాలి" అంది. ఇంగ్లీషు అక్షరం రాని ఆమె చెప్పిందే సరైన అర్థం.

ఈ చిన్న క్రియకు అర్థాలు అనేకం. కోళ్లను కీప్ చేయడమంటే పెంచడం. లెక్కలు కీప్ చేయడమంటే రాసిపెట్టడం. "కీప్ వాకింగ్" అంటే ఆగక నడువు. దీనికి దగ్గరి మాటలూ ఉన్నాయి. హోల్డ్ అంటే పట్టుకోవడం. చెయ్యి వదిలితే అంతే. ప్రిజర్వ్ అంటే ఊరగాయవలె చెడకుండా నిలువచేయడం. గార్డ్ అంటే కావలి కాయడం. కీప్ అన్నప్పుడు వీటితోపాటు ఎడతెగకుండా చేయడమనే భావం కూడా ఉంటుంది.

1611 నాటి ఇంగ్లీషు బైబిలులో కీప్ అని ఉన్నచోట మన తెలుగు బైబిలు సందర్భాన్నిబట్టి మాట మార్చింది. విశ్రాంతిదినాన్ని ఆచరించాలి. ప్రభువు ఆజ్ఞలను గైకొనాలి. పౌలు విశ్వాసాన్ని కాపాడుకొన్నాడు. మరియ విన్న మాటలను హృదయంలో భద్రము చేసికొన్నది. కొండలవైపు చూచి పాడిన 121వ కీర్తనలో 'షామర్' అనే హెబ్రీ మాట ఆరుసార్లు వస్తుంది. కాచుట, కాపాడుట అని దాని అర్థం. తన తమ్ముని విషయమై కయీను తప్పించుకోజూచిన మాట కూడా అదే.

మేము ఇలా చెబుతుండగా ఆ ఇంటి చిన్నమ్మాయి చేనులో మంచె దిగి వచ్చింది. పిట్టలనుండి, అడవిపందులనుండి పంటను కాచేది ఆమే. "పంట ఇంటికి రాగానే బడికి పంపుతాను" అని తండ్రి ఆమెకు మాట ఇచ్చాడట. ఇప్పటికి రెండు పంటలు ఇంటికి వచ్చాయి. నాయనమ్మ అన్న మాట ఆయన చెవిని కూడా పడింది. ఆయన తల వంచుకొన్నాడు. చాలాసేపటికి, "జూన్‌లో పంపుతానమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు.

ప్రియ పాఠకులారా, చేను కాయడానికి మనం రాత్రులు మేల్కొంటాము. పిల్లలకిచ్చిన మాటను కాయడానికి మేల్కొంటున్నామా? మనలను కాపాడువాడు నిద్రపోడు. ఆయన పిల్లలమైన మనం ఇచ్చిన మాటను పెట్టెలో ఉంచక, నిలబెట్టుకొందము గాక.