మే నెలలో మంచుకొండ ఎక్కుదామా?

మే నెల వచ్చిందంటే మనందరి నోటా ఒకటే మాట, "ఎక్కడికైనా చల్లటి చోటికి పోతే బాగుణ్ణు!" అని. ఓ పక్క ఆవకాయ, ఇంకో పక్క వడియాలు, పిల్లలకు సెలవులు, ఒళ్ళంతా చెమటకాయలు. ఊటీ, కొడైకెనాల్ చాలామంది చూసే ఉంటారు. ఈసారి కాస్త దూరంగా, మన కాళ్ళతో మనమే నడిచి ఎక్కే మంచుకొండ ఒకదాని గురించి చెబుతాను. "అమ్మో, కొండలెక్కడం కుర్రకారు పని, మనవల్ల అవుతుందా!" అనుకోకండి. రెండుసార్లు వెళ్ళొచ్చాను. మొదటిసారి చేసిన తప్పులు రెండోసారి చెయ్యలేదు. ఆ తప్పులు మీరు అసలు చెయ్యకూడదనే ఇది రాస్తున్నాను.

తుంగనాథుడి కొండ

ఉత్తరాఖండ్‌లో రుద్రప్రయాగ జిల్లాలో చోప్తా అనే చిన్న మజిలీ ఉంది. దాదాపు 9 వేల అడుగుల ఎత్తు. అక్కడి నుంచి రాళ్ళు పరిచిన దారిలో 4 కిలోమీటర్లు ఎక్కితే తుంగనాథ్ గుడి వస్తుంది. పంచ కేదారాల్లో అన్నిటికంటే ఎత్తున ఉన్నది ఇదే, 12 వేల అడుగులు. పాండవులకు చిక్కకుండా శివుడు ఎద్దు రూపంలో భూమిలోకి దిగిపోతే ఆయన బాహువులు ఇక్కడ వెలిశాయని స్థలపురాణం. గుడి దాటి ఇంకో ఒకటిన్నర కిలోమీటరు ఎక్కితే చంద్రశిల శిఖరం, సుమారు 13 వేల అడుగులు. అక్కడ నిలబడితే చౌఖంబా, నందాదేవి, త్రిశూల్ శిఖరాలు చుట్టూ కొలువుతీరినట్టు కనిపిస్తాయి.

చలికాలమంతా గుడి మూసి ఉంటుంది. స్వామివారి ఉత్సవ విగ్రహం కింద మక్కూమఠ్‌కు వస్తుంది. ఏప్రిల్ నెలాఖరుకో మే మొదట్లోనో తలుపులు తీస్తారు. ఆ తేదీ ఏటా మారుతుంది కాబట్టి, అది తెలుసుకున్నాకే రైలు టిక్కెట్లు కొనండి. మే మొదటి రెండు వారాల్లో వెళితే గుడి చుట్టూ, చంద్రశిల దారిలో ఇంకా కరగని మంచు కనిపిస్తుంది. మే చివరికి చాలావరకు కరిగిపోతుంది. జూన్ నెలాఖరుకు వానలు దిగుతాయి. పిల్లలకు మంచు చూపించాలంటే మే మొదట్లో, దారి తేలిగ్గా ఉండాలంటే మే చివర్లో వెళ్ళండి.

మా మొదటి ప్రయాణం

2022 మేలో మావారు, మా అమ్మాయి, బావగారు, మా తోడికోడలు, నేను కలిసి బయల్దేరాం. మా తోడికోడల్ని నేను అక్కయ్యా అనే పిలుస్తాను. సెలవు తక్కువని హడావిడిగా వెళ్ళాం. ఢిల్లీలో రైలు దిగి, రాత్రికి రిషీకేశ్, తెల్లారి బయల్దేరి సాయంత్రానికి చోప్తా. మర్నాడు పొద్దున్నే కొండ.

దారంతా అక్కయ్య మాట్లాడలేదు. కొండ మలుపుల్లో కారు తిరుగుడుకి అలా ఉందేమో అనుకున్నాం. రాత్రి "ఆకలి లేదు" అని రొట్టె ముట్టలేదు. పొద్దున్న టీ మాత్రం తాగింది. తుంగనాథ్ చేరేసరికి ఒక రాయి మీద కూర్చుండిపోయి వాంతి చేసుకుంది. అప్పుడు చెప్పింది, ముందురోజు సాయంత్రం నుంచి తల పగిలిపోతోందని, మాత్రలు రెండుసార్లు వేసుకున్నానని.

"ముందే చెప్పొచ్చు కదా అక్కయ్యా!" అంటే ఆవిడేమందో తెలుసా? "నావల్ల మీ అందరి ప్రయాణం పాడవుతుందని చెప్పలేదు. మీరు వెళ్ళిరండి, నేనిక్కడే కూర్చుంటాను."

బావగారు "పావుగంట కూర్చుంటే తగ్గుతుందిలే" అన్నారు. పక్కన టీకొట్టు ఆయన మాత్రం ఆవిడ ముఖం చూసి, వెంటనే కిందికి తీసుకుపొమ్మని చెప్పాడు. ఆయన మాటే విన్నాం. చంద్రశిల చూడలేదు. చోప్తాలో కూడా ఆగకుండా ఊఖీమఠ్ దిగిపోయాం. ఆ రాత్రి అక్కయ్య అన్నం తిని నిద్రపోయింది. నాకు మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆవిడ మాట విని అక్కడే వదిలేసి మేం పైకి పోయి ఉంటే?

తలనొప్పి దాచుకోకండి

అమ్మాయిలూ, అక్కయ్యలూ, ఈ వ్యాసంలో మిగతావన్నీ మరిచిపోయినా ఫర్వాలేదు, ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. మనం ఇంట్లో జ్వరం వచ్చినా చెప్పం. నడుం నొప్పితోనే వంట చేస్తాం. "వాళ్ళ సరదా పాడుచెయ్యడమెందుకు" అనుకుంటాం. కొండ మీద ఆ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది.

8 వేల అడుగులు దాటాక గాలి పలచబడుతుంది. 12 వేల అడుగుల దగ్గర ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు మన ఊళ్ళో అందే దానిలో మూడింట రెండొంతుల లోపే. ఒళ్ళు దానికి అలవాటుపడ్డానికి రోజులు కావాలి. తొందరపడితే తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, కళ్ళు తిరగడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. బలంగా ఉన్న కుర్రాళ్ళకీ వస్తుంది, మనకీ వస్తుంది. వచ్చినవాళ్ళు సుకుమారులని కాదు.

నియమం చాలా చిన్నది. తలనొప్పి ఉంటే ఆ రోజు ఇంకా పైకి వెళ్ళకూడదు. ఉన్నచోటే ఆగాలి. తగ్గకపోతే, పెరిగితే, కిందికి దిగాలి. మాత్ర వేసుకుంటే నొప్పి తెలియకుండా పోవచ్చు గానీ లోపలి ఇబ్బంది పోదు. అడుగులు తడబడుతున్నా, మాట తికమకగా ఉన్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా రాత్రయినా సరే దించెయ్యాలి. ఒంటరిగా మాత్రం ఎవర్నీ వదిలిపెట్టకూడదు. బీపీ, గుండె, ఉబ్బసం ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరుకు చూపించుకోకుండా బయల్దేరవద్దు. ఎత్తుకు వాడే మాత్రలున్నాయి, అవీ డాక్టరు చెబితేనే.

ఇంకో మాట. గుడికి వెళుతున్నామని నెలసరి వాయిదా మాత్రలు సొంతంగా కొని మింగెయ్యకండి. కొందరికి వాటివల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. డాక్టర్ని అడగండి. ప్యాడ్లు ఇంటి నుంచే పట్టుకెళ్ళండి, వాడినవి కవర్లో చుట్టి కిందికి తెచ్చి పారెయ్యండి.

రోజుల లెక్క

రెండోసారి 2023 మేలో వెళ్ళాం. ఈసారి క్యాలెండరు ముందేసుకుని అక్కయ్యా నేనూ లెక్క వేశాం. ఇదీ ఆ లెక్క:

మొదటి రోజు: రిషీకేశ్‌లో విశ్రాంతి.

రెండో రోజు: దేవప్రయాగ, రుద్రప్రయాగల మీదుగా ఊఖీమఠ్. దాదాపు 180 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు కాబట్టి పగలంతా పడుతుంది. ఎత్తు 4,300 అడుగులే. చలికాలంలో కేదారనాథుడు ఉండేది ఇక్కడి ఓంకారేశ్వర ఆలయంలోనే, తప్పక చూడండి.

మూడో రోజు: దగ్గర్లోని సారీ గ్రామం. అక్కడి నుంచి రెండున్నర, మూడు కిలోమీటర్లు ఎక్కితే దేవరియాతాల్ సరస్సు, 8 వేల అడుగులు. చూసి, కిందికి దిగి సారీలో పడుకోవాలి. పగలు ఎత్తుకు వెళ్ళి రాత్రి కింద పడుకుంటే ఒళ్ళు అలవాటుపడుతుంది.

నాలుగో రోజు: చోప్తా. ఊరికే అటూ ఇటూ తిరగడం, అంతే.

ఐదో రోజు: కొండ.

ఆరో రోజు: ఖాళీ రోజు. దీన్నే మొదట అందరూ వద్దన్నారు. "ఊరికే కూర్చోడానికి అంత దూరం వెళ్ళాలా?" అన్నారు మావారు. ఆ ఒక్కరోజే మమ్మల్ని గట్టెక్కించింది. ఎలాగో చివర్లో చెబుతాను.

మంచు మీద నడక

రాత్రి చలికి మంచు గడ్డకట్టి తెల్లారుజామున గాజుపలకలా ఉంటుంది. ఎండ పడ్డాక పై పొర మెత్తబడి అడుగు ఆనుతుంది. మధ్యాహ్నానికి మరీ మెత్తబడి మోకాలి దాకా దిగబడిపోతుంది. పైగా మధ్యాహ్నం మబ్బు పట్టి, వడగళ్ళు, ఉరుములు తరచుగా వస్తాయి. అందుకని తుంగనాథ్ దాకా పొద్దున్నే ఎక్కి, మంచు మెత్తబడేవరకు ఆగి, చంద్రశిలకు వెళ్ళి, 12 గంటలకల్లా శిఖరం దిగెయ్యాలి. ఆ టైముకి ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందే అందరూ ఒప్పుకోవాలి. పైకి వెళ్ళాక "ఇంకాస్తేగా!" అనిపించడం ఖాయం.

మంచు మీద ముందువాళ్ళు వేసిన అడుగుల్లోనే నడవండి. ఎక్కేటప్పుడు బూటు కొసతో పొడిచి మెట్టు చేసుకోవాలి. దిగేటప్పుడు మడమ ముందు ఆనించాలి. పెద్ద రాళ్ళ అంచున, కింద నీళ్ళ చప్పుడు వినిపించేచోట మంచు డొల్లగా ఉంటుంది, అటు వెళ్ళకండి. పిల్లలు జారుడుబల్లలా జారుతామంటారు. కింద ఏముందో కనబడని వాలు మీద అస్సలు వద్దు. వాలు ఏటవాలుగా ఉండి, అడుగుజాడలు లేకపోతే గుడి దగ్గరే దణ్ణం పెట్టుకుని దిగెయ్యండి. స్వామి ఎక్కడికీ పోడు.

ఏమేం పట్టుకెళ్ళాలి?

బూట్లు: అడుగున లోతైన గాడులున్నవి. గుడ్డ బూట్లు తడిసిపోతాయి. నెల ముందు కొని ఇంట్లో, బజార్లో తొడుక్కుని తిరగండి. కొత్త బూట్లతో కొండెక్కితే బొబ్బలే.

బట్టలు: చీర ఇష్టమే అయినా కొండ రోజు సల్వారు మేలు. నూలు బట్టలు తడిస్తే ఆరవు, చలి పుట్టిస్తాయి. లోపల థర్మల్, పైన స్వెట్టరు, ఆపైన గాలీవానా దూరని కోటు. ఒక్క మందపాటి కోటు కన్నా మూడు పలచటి పొరలు నయం. ఎండెక్కితే ఒక్కొక్కటీ తీసెయ్యొచ్చు. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు, చేతి తొడుగులు, చెవులు కప్పే టోపీ, ఊతకర్ర.

నల్ల కళ్ళద్దాలు: ఇవి సోకు కాదు. కొత్త మంచు మీద పడిన ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి మన ముఖం మీదికే వస్తాయి. అద్దాలు లేకపోతే కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, నీళ్ళు. ఎండ క్రీము గడ్డం కింద, ముక్కు కింద కూడా రాయాలి.

తిండి: అంత ఎత్తున నీళ్ళు 100 డిగ్రీలు రాకముందే మరిగిపోతాయి. తుంగనాథ్ దగ్గర 88 డిగ్రీలకే. అందుకే అక్కడ మామూలు గిన్నెలో అన్నం ఓ పట్టాన ఉడకదు, కందిపప్పు సంగతి సరేసరి. పైన దొరికే టీ, మ్యాగీలనే నమ్ముకోకుండా ఇంటి నుంచి కొన్ని పట్టుకెళ్ళండి. మేం చేసిన ఉండలు ఇవి: వేరుశనగలు 2 గ్లాసులు, నువ్వులు 1 గ్లాసు, ఎండుకొబ్బరి కోరు అర గ్లాసు విడివిడిగా వేయించి, పొట్టు తీసిన వేరుశనగలతో కలిపి బరకగా పొడి చెయ్యాలి. మెత్తటి బెల్లం తురుము 2 గ్లాసులు, ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు కలిపి మరో తిప్పు తిప్పితే నువ్వుల నూనెకే ఉండ కడుతుంది. నెయ్యి వద్దు, చలికి గడ్డకట్టి నోటికి జిగురుగా తగులుతుంది. గంటకొకటి తింటూ, దాహం లేకపోయినా నీళ్ళు తాగుతూ నడవండి.

ఇంట్లోనే సాధన

రెండు నెలల ముందు నుంచి రోజూ గంట నడక, వారానికి మూడుసార్లు మెట్లు. తిరుపతి దగ్గరున్నవాళ్ళకు అలిపిరి మెట్ల దారికి మించిన సాధన లేదు. సుమారు 3,550 మెట్లు, 9 కిలోమీటర్లు. అది ఆయాసపడకుండా ఎక్కగలిగితే కాళ్ళు సిద్ధమైనట్టే. అయితే కాళ్ళు సిద్ధమైతే ఎత్తు పడుతుందని కాదు, రోజుల లెక్క అందరికీ ఒకటే.

అక్కయ్య చెప్పిన మాట

రెండోసారి చోప్తా చేరిన సాయంత్రం అందరం టీ తాగుతున్నాం. అక్కయ్య గ్లాసు కింద పెట్టి, "నాకు తల బరువుగా ఉంది. రేపు నేను ఎక్కను" అంది. అంతమందిలో, బావగారి ముందు. ఎవ్వరం ఒక్క మాట అనలేదు. మావారు లేచి వెళ్ళి గది ఇంకో రాత్రికి ఉంచమని చెప్పొచ్చారు. మర్నాడంతా ఎండలో కూర్చుని, బురాన్ష్ పూల షర్బత్ తాగుతూ, కబుర్లు చెప్పుకున్నాం. ఆ రాత్రి ఆవిడ రెండు రొట్టెలు అడిగి మరీ తింది.

తర్వాతి రోజు పొద్దున్నే బయల్దేరాం. గుడి పైన వాలంతా మంచు. గంటసేపు ఆగి, మెత్తబడ్డాక, ఒకరి అడుగులో ఒకరం వేసుకుంటూ ఎక్కాం. పదిన్నరకు చంద్రశిల చేరేసరికి మా అందరికంటే ముందు ఉన్నది అక్కయ్యే. చౌఖంబా వైపు చూసి చేతులు జోడించి, నా వైపు తిరిగి నవ్వింది.

ఈ వేసవికి మీరూ ప్రయాణం పెట్టుకుంటే సంచీలో కళ్ళద్దాలు, ఉండలు సర్దుకోండి. లెక్కలో ఒక ఖాళీ రోజు వేసుకోండి. "నాకు బాగాలేదు" అని పైకి చెప్పడం మాత్రం ఇవాళ్టి నుంచే, ఇంట్లోనే అలవాటు చేసుకోండి.