మూసే గుర్తు ఏ మూలన ఉండాలి?

పావగడలో పహణీలు తీసిచ్చే జెరాక్స్ అంగడికి వెళ్తే, కంప్యూటర్ ముందు కూర్చున్నవారి చేతిని గమనించండి. కళ్లు రైతు ఇచ్చిన కాగితం మీద ఉంటాయి, నోరు సర్వే నంబరు అడుగుతుంది, మౌస్ మాత్రం దానంతటదే తెర కుడి పైమూలకు పోతుంది. విండోను దించే గీత, పెంచే చదరం, మూసే ఇంటూ గుర్తు అక్కడే ఉంటాయని చేతికి అలవాటు.

ఇవి ఎక్కడుండాలన్నది అందానికి సంబంధించిన సంగతి కాదు. గురి ఎంత దూరమైతే, ఎంత చిన్నదైతే, చెయ్యి దాన్ని చేరడానికి అంత ఎక్కువ సమయం పడుతుందని 1954లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ లెక్కగట్టి చూపారు. తెర అంచున మాత్రం పని సులువవుతుంది. మౌస్‌ను ఎంత విసురుగా తోసినా బాణం అంచు దాటదు. మూలకైతే రెండు అంచులు అడ్డుకుంటాయి. అందుకే విండో తెరంతా పరుచుకున్నప్పుడు ఇంటూ గుర్తును చూడకుండానే నొక్కేయవచ్చు. విండోను కుదించామా, అదే గుర్తు కోసం బాణాన్ని జాగ్రత్తగా నిలపాలి. 1984 నుంచి ఆపిల్ వారి మాకింతోష్ కంప్యూటర్లు మెనూను తెర పై అంచుకే అంటిపెట్టడంలోని లాభం ఇదే. కాకపోతే పెద్ద తెర మీద, కింద ఎక్కడో చిన్న విండోలో పని చేసేవారు మెనూ కోసం ప్రతిసారీ పైదాకా పోవాలి.

కుడి మంచిదా, ఎడమ మంచిదా? ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో 2010 ఏప్రిల్‌లో వచ్చిన 10.04 వెర్షన్ ఈ మూడు గుర్తులనూ ఎడమకు మార్చింది. వాడేవాళ్లు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. 2017 అక్టోబరులో 17.10తో అవి మళ్లీ కుడికే వచ్చాయి. నా మటుకు ఏ వైపైనా ఒకటే. అలవాటుపడ్డ చేతిని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోమనడమే అన్యాయం.

అంతకన్నా నన్ను బాధించేది ఇంకొకటుంది. విండోను పెంచే, కుదించే చదరం పక్కనే మూసే గుర్తు ఉండటం. కుదించబోయి చెయ్యి కాస్త జారితే, సగం నింపిన దరఖాస్తు బ్రౌజర్‌తో సహా పోతుంది. పోయేది అంగడివాళ్ల రెండు నిమిషాలే కాదు, పల్లె నుంచి బస్సెక్కి వచ్చి వరుసలో నిలబడ్డవాళ్ల పొద్దు కూడా. పాత మాకింతోష్‌లో మూసే పెట్టె ఎడమన, సాగదీసే పెట్టె కుడిన, దూరదూరంగా ఉండేవి. అదే సరైన పద్ధతని నా నమ్మకం. 2001లో మ్యాక్ ఓఎస్ ఎక్స్ దాన్ని వదిలేసి మూడింటినీ ఎడమకే చేర్చింది.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి విండోస్ 11కు మారేవాళ్లు ఒకటి చూసుకోవాలి. అందులో స్టార్ట్ బటన్ మూల వదిలి, కింది వరుస మధ్యకు చేరింది. ప్రోగ్రాములు తెరిచేకొద్దీ వాటి బొమ్మలు ఆ వరుసలో చేరి, స్టార్ట్ ఎడమకు జరుగుతూ పోతుంది. నిలకడలేని గురి చేతికి ఎప్పటికీ అలవాటు కాదు. టాస్క్‌బార్ మీద ఖాళీ చోట కుడి క్లిక్ చేసి, టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో బిహేవియర్స్ కింద అలైన్‌మెంట్‌ను లెఫ్ట్‌కు మార్చండి. స్టార్ట్ ఎడమ కింది మూలకు వచ్చి అక్కడే ఉంటుంది.