రోగశయ్యపై విశ్వాసము



రోగిని చూడవచ్చినవారు మంచము ప్రక్కన కూర్చుండి అనుచుండు మాట ఒకటున్నది: "నీకు విశ్వాసము చాలలేదమ్మా, అందుకే తగ్గడం లేదు." మేము సంఘ కుటుంబములను దర్శించునప్పుడు ఈ మాటను పలుమారులు విన్నాము. అనువారు మేలు కోరియే అందురు. పడుకొన్నవారు మాత్రము రోగముతోపాటు ఆ నిందను కూడ మోయవలసివచ్చును. యోబు స్నేహితులు చేసిన పని ఇదే గదా!

అందుచేత ఈ నెల ఒక కతోలిక కన్యాస్త్రీ జీవితమును మీ యెదుట ఉంచుచున్నాము. పరిశుద్ధులను వేడుకొనుట మన సంఘముల పద్ధతి కాదు. అయినను దేవుని నమ్మి బాధపడిన వారి సాక్ష్యము ఎక్కడ దొరికినను వినవచ్చును.

ఆమె పేరు తెరేస. ఫ్రాన్సు దేశములో 1873లో పుట్టినది. నాలుగేండ్ల ప్రాయములోనే రొమ్ము క్యాన్సరుతో తల్లి చనిపోయినది. పదిహేనేండ్లకే లిజియు పట్టణములోని కర్మెలు మఠములో చేరినది. కలకత్తాలో సేవచేసిన మదర్ తెరెసా తన పేరును ఈమెను బట్టియే పెట్టుకొన్నారు.

1896లో, శుభ శుక్రవారమునకు ముందు రాత్రి, దీపమార్పి పడుకొనగానే నోటిలోనికి ఏదో వెచ్చగా వచ్చినది. దీపము మరల వెలిగించక తెల్లవారువరకు ఆగి చూచినది. రక్తము! అది క్షయ. ప్రభువు పిలుచుచున్నాడని ఆమె మొదట సంతోషించినది.

ఆ సంతోషము ఎన్నో దినములు నిలువలేదు. ఆ ఈస్టరు కాలములోనే ఆమె మనస్సును చీకటి క్రమ్మినది. పరలోకమే లేదేమో, మరణము తరువాత శూన్యమేనేమో అను తలంపులు ఆమెను విడువలేదు. దాదాపు పదునెనిమిది నెలలు, అనగా చనిపోవువరకు, ఆ చీకటి తొలగలేదు. అంతకుముందు దేవుడు లేడనువారు మనస్సాక్షికి విరోధముగా మాటలాడుచున్నారని ఆమె తలంచెడిది. ఇప్పుడు వారి బాధ ఆమెకు అర్థమైనది. వారితో ఒకే బల్లయొద్ద కూర్చున్నదానివలె వారికొరకు ప్రార్థించినది. విశ్వాస ప్రమాణమును తన రక్తముతో వ్రాసి గుండెపై ఉంచుకొన్నది. నమ్మకము కలుగుచున్నట్లు ఆమెకు తోచుటలేదు. నమ్ముదునని మాత్రము దినదినము నిర్ణయించుకొనుచుండెను. మేము ఎక్కువగా ఆలోచించినది ఇక్కడనే. మన కూడికలలో ఆదరణ పొందినవారే సాక్ష్యమునకు లేచెదరు. ఆదరణ కలుగకనే ప్రభువును విడువనివారు వెనుక వరుసలో మౌనముగా కూర్చుందురు. ఎనుబది యెనిమిదవ కీర్తన చీకటి అను మాటతోనే ముగియుచున్నది. దానిని మన ఆరాధనలలో ఎంత అరుదుగా చదువుదుము!

1897 జూలైలో ఆమెను మఠములోని రోగుల గదికి మార్చిరి. ఊపిరాడని బాధలో ఆమె తనను చూచుకొనుచున్న సహోదరీలకు ఒక సంగతి చెప్పినది: ఇంతటి నొప్పిలో ఉన్నవారి దగ్గర విషము వంటి మందులు ఉంచవద్దనియు, విశ్వాసమే లేకపోయినయెడల తాను ప్రాణము తీసికొనియుందుననియు చెప్పినది. ఇంత భక్తిగలామె ఆ శోధనను దాచుకొనలేదు. మన పల్లెయిండ్లలో పురుగుమందు డబ్బా మంచము క్రిందనో అటకమీదనో ఉండును. దీర్ఘరోగి ఉన్న యింటివారు దానిని నేడే తీసివేయవలెను. "చావాలనిపిస్తోంది" అని రోగి అన్నప్పుడు కసురుకొనక, ఒంటరిగా విడువక, వైద్యునికి తెలుపవలెను.

1897 సెప్టెంబరు 30న, ఇరువది నాలుగేండ్ల ప్రాయములో, ఆమె కన్నుమూసినది. స్వస్థత కలుగలేదు. విశ్వాసము తక్కువై కాదు. క్షయను కుదుర్చు మందు ఆనాడు లోకములో ఎక్కడను లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది 1943లో. ఆమెకు వైద్యులు చర్మముపై వాతలు పెట్టి, పాలు త్రాగించిరి. ఆ పాలు ఆమెకు వెగటు. నేడు మన ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయ మందులు ఉచితముగా ఇచ్చుచున్నారు. సాధారణముగా ఆరు నెలలు వాడవలెను. రెండు నెలలకే దగ్గు తగ్గినదని, ప్రార్థన చేయించుకొన్నామని మాత్రలు మానివేసినవారికి రోగము తిరిగి, ఆ మందులకు లొంగనిదిగా రావచ్చును. ప్రార్థనకు వచ్చిన కాపరి మాత్రల అట్టను కూడ చూపమని అడిగినయెడల, దయచేసి తప్పుగా తలంచకుడి.